ఎడారి వాగు వెంట ఒంటరి నడకా? నిర్ణయాలు ఇంట్లోనే తీసుకోండి

పక్కనే నీళ్లున్నాయి కదా, ఎండ ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. ఎడారి వాగుల వెంట నడిచేవారికి ఈ ధీమాతోనే ముప్పు.

అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని అరవైపా లోయనే తీసుకోండి. ఎడారి మధ్యలో ఏడాది పొడవునా నీరు పారే వాగు అది. ఇరువైపులా నిటారు కొండలు. వాటిపై పెద్దకొమ్ముల అడవి గొర్రెలు, నీటి పక్క చెట్లపై నల్లగద్దలు కనిపిస్తాయి. రోజుకు 50 మందిని మాత్రమే, అదీ అనుమతి పత్రం ఉంటేనే రానిస్తారు. ఏర్పాటు చేసిన బాట ఉండదు. చాలాచోట్ల వాగులో దిగే నడవాలి. ఆ రాష్ట్రంలో చదువులు, ఉద్యోగాల్లో మన పిల్లలూ ఉన్నారు. మీవాళ్లెవరైనా కెమెరా తీసుకుని ఒక్కరే బయల్దేరుతుంటే ఈ విషయాలు చెప్పండి.

తేడా తనకు తెలియదు

పొడిగాలిలో చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. ఒంట్లోంచి ఎంత నీరు పోయిందో తెలియదు. మొదట తలనొప్పి, వికారం, కండరాలు పట్టేయడం ఉంటాయి. ఒంటి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటి, తికమక, తూలుడు మొదలైతే అది వడదెబ్బే. శ్రమతో వచ్చే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండొచ్చు. కాబట్టి చెమట చూసి ధైర్యపడొద్దు.

మా ఆసుపత్రికి వడదెబ్బ రోగిని సాధారణంగా పక్కవాళ్లే తీసుకొస్తారు, ‘ఏదేదో మాట్లాడుతున్నాడండీ’ అంటూ. ఒంటరిగా నడిచేవారికి ఆ మాట చెప్పేవారుండరు. అందుకే ముఖ్యమైన నిర్ణయాలు బయల్దేరకముందే కాగితం మీద రాసుకోవాలి.

రాసుకోవాల్సినవి మూడు

• తిరుగు సమయం: గొర్రె తల ఇటు తిప్పుతుందేమోనని ఎదురుచూస్తూ ఎండలో గంట గడిపేస్తారు. వేసవిలో ఉదయం 10 నుంచి సాయంత్రం 4 వరకు లోయలో నడవొద్దని గ్రాండ్ కాన్యన్ పార్కు అధికారులు చెబుతారు. ఎడారిలో ఎక్కడైనా పాటించదగ్గ నియమమిది.

• ఆగాల్సిన గుర్తు: తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం... ఏ ఒక్కటి కనిపించినా నీడకు చేరాలి. చొక్కా, టోపీ వాగులో తడిపి వేసుకోవాలి. తగ్గకపోయినా, తికమకగా అనిపించినా వెంటనే సాయం కోరాలి.

• కబురు అందుకునే మనిషి: వెళ్లే దారి, తిరిగొచ్చే సమయం అక్కడి స్నేహితుడికి చెప్పి వెళ్లాలి. ఆ వేళకు ఫోన్ రాకపోతే ఎవరికి ఫిర్యాదు చేయాలో కూడా తెలిసుండాలి. లోయలో సెల్ సిగ్నల్ ఉండదు. ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం వెంట ఉండాలి.

నీళ్లు, ఉప్పు, అడుగు

ఉత్త నీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. అప్పుడూ తలనొప్పి, వాంతులు, తికమకే. దాహాన్ని బట్టి తాగుతూ, మధ్యమధ్యలో ఉప్పటి చిరుతిండి తినాలి. వాగు నీటిని శుద్ధి చేయకుండా తాగితే జియార్డియా లాంటి క్రిములతో విరేచనాలు పట్టుకుంటాయి. బీపీకి మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారు, గుండె, కిడ్నీ జబ్బులున్నవారు ముందుగా డాక్టర్‌ను అడగాలి. ఆగినప్పుడల్లా మేజోళ్లు విప్పి పాదాలు ఆరబెట్టుకోవాలి.

కెమెరాలో చూస్తూ అడుగు వేయొద్దు. నాచు రాళ్లు జారతాయి, గిలక పాములూ ఉంటాయి. జూలై నుంచి సెప్టెంబరు వరకు ఎక్కడో ఎగువన వాన పడినా వరద ముంచుకొస్తుంది. నీరు బురదగా మారుతుంటే వెంటనే ఎత్తైన చోటుకు ఎక్కాలి.

మంచి ఫొటో కోసం మళ్లీ వెళ్లొచ్చు. రాసుకున్న సమయం కాగానే వెనక్కి తిరగమనండి.