దిద్దుబాటు

తెలుగులో 'దిద్దు' అనే క్రియకు రెండర్థాలు ప్రసిద్ధం. గురువు పలకమీద వ్రాసిన అక్షరంపై బాలుడు మళ్ళీ మళ్ళీ బలపం నడపడం దిద్దడం; వ్రాతలోని తప్పును సవరించడమూ దిద్దడమే. నేర్చుకొనడానికీ తప్పు సవరించుకొనడానికీ భాష ఒకే మాటను ఇచ్చినది. రచయితలు ఈ సంగతిని ఆలోచించదగియున్నది.

గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం' ఇందుకు చక్కని ఉదాహరణం. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవారు ప్రదర్శించిన ఆ నాటకం 1897లో అచ్చయి మెప్పు పొందినది. అక్కడితో ఆగవచ్చును, ఆయన ఆగలేదు. 1909లో వెలువడినది పేరుకు రెండవ కూర్పు, నిజానికి పునఃసృష్టి. ఐదంకాలు ఏడయినవి.

మాటలు మార్చడం చిన్న సవరణ. చూపు మార్చుకొనడం పెద్ద సవరణ. నాటక రచనకు ప్రేరణ విశాఖపట్టణం జిల్లాలోని శుల్కవివాహాల జాబితా. అందులో 1,034 పెళ్ళిళ్ళు నమోదైనవని పీఠిక తెలుపుతున్నది. జాబితా దురాచారాన్ని చూపగలదు గాని మనుష్యుణ్ణి చూపలేదు. రెండవ కూర్పులో గురజాడ మనుష్యులవైపు మరింతగా తిరిగినారు. మొదట చిన్న పాత్రగా ఉన్న మధురవాణి నాటకానికి ప్రాణమయినది. వేశ్యాసంపర్కాన్ని నిరసించే వకీలు సౌజన్యారావు సత్పురుషుడు. అయినా పురుషవేషంలో వచ్చిన మధురవాణి ఎదుట ఆయన నియమమే పరీక్షకు నిలుస్తుంది. లోకాన్ని దిద్దబూనినవానికీ దిద్దుబాటు తప్పదు.

మరుసటి సంవత్సరం, 1910లో, ఆయన కథకు పెట్టిన పేరే 'దిద్దుబాటు'. దారి తప్పిన గోపాలరావును దిద్దేది శిక్ష కాదు, ఉపన్యాసం కాదు. భార్య కమలిని వ్రాసిపెట్టిన ఉత్తరం. ఆమె వెళ్ళిపోలేదు, మంచం క్రిందనే ఉన్నది. తప్పు చేసినవానికి తిరిగి వచ్చే దారి మూసివేయని దిద్దుబాటు అది.

దిద్దిన ప్రతిదీ అన్నివిధాల మేలు కాదు. పెరిగిన 'కన్యాశుల్కం' ఒక రాత్రి ప్రదర్శనకు భారమయినది. నటులు కుదించి ఆడవలసి వచ్చినది. ఒకటి సాధించడానికి మరొకటి వదలుకొనక తప్పలేదు. అందుచేతనే తొలిప్రతిని రచయిత దాచనక్కరలేదు, సిగ్గుపడనక్కరలేదు. రెండు కూర్పులూ నిలిచినందువల్లనే పన్నెండేండ్లలో ఒక మనస్సు ఎంత దూరం నడిచినదో నేటి పాఠకుడు కొలుచుకొనగలుగుతున్నాడు. బాలుడు దిద్దేది గురువు వ్రాసిన అక్షరం. రచయిత దిద్దవలసినది తాను వ్రాసినదే. పొగడ్త విన్న తరువాత కూడ పలక చేతబట్టడమే అందులోని కష్టం.