రేమండు సమాధి చెప్పు పాఠము

దిల్‌సుఖ్‌నగరమునకుఁ జేరువ, ఆస్మాన్‌గఢ్ గుట్టపై ఫ్రెంచి సేనాని రేమండు సమాధి కలదు. మూసారాంబాగు అతని పేరిటనే వెలసెనందురు. నిజాము కొలువులోని యాతఁడు 1798 మార్చిలో మరణించెను. ఆ సెప్టెంబరులో నిజాము ఆంగ్లేయులతో సంధి చేసికొనెను. అక్టోబరులో ఫ్రెంచిదళము రక్తపాతము లేకయే ఆయుధములు విడిచెను. రక్షణ ఆంగ్లసేనది, వ్యయము నిజాముది. 1800 సంధిచే ఆ వ్యయమునకై బళ్లారి, కడప మొదలగు సీమలు కంపెనీ పాలాయెను, అవియే దత్తమండలములు. కంపెనీకిఁ దెలుపక అన్యరాజ్యములతో మంతనములు సలుపరాదనియు నిబంధన యేర్పడెను. 1918లో ‘విశ్వాసపాత్రమిత్రుఁడు’ అను బిరుదము మాత్రము దక్కెను.

మైత్రి మంచిదే. కాని తన యింటి కాపును పరుల కప్పగించినవాఁడు మిత్రునకు సమానుఁడు కాఁజాలఁడని ఆ గుట్ట నెక్కినపుడెల్ల మనము తలఁచుకొందము.