సైనికుల క్రమశిక్షణము – స్త్రీల మానరక్షణము

పెంటపాటికి సమీపమున, తాడేపల్లిగూడెమునొద్ద, రెండవ ప్రపంచ యుద్ధకాలమున నిర్మించిన విమానముల బాట నేటికిని కానవచ్చుచున్నది. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపానువారు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసిన పిమ్మట యుద్ధము మన తీరమునకు దూరపు వార్త కాకపోయెను. ఆ తాడేపల్లిగూడెము ప్రాంతముననే మాధవరమను గ్రామము కలదు. తరతరములుగా బిడ్డలను సైన్యమునకు పంపుచుండుటచే దానిని మిలిటరీ మాధవరమని లోకులు పిలుచుచున్నారు. ఇట్టి సీమలోని గృహిణులకు సైన్యము పరుల మాట కాదు. తల్లియై, భార్యయై, చెల్లెలై సైనికుని కొఱకు ఎదురుచూచునది స్త్రీయే. సైన్యము కట్టు తప్పినప్పుడు ముందుగా భయపడవలసినదియు స్త్రీయే. కావున సైనికుల నేరములను గూర్చియు, వానికి కలుగు శిక్షలను గూర్చియు మన మొకింత తెలిసికొనుట యవసరము.

సైన్యమున కట్టు తప్పుట రెండు విధములు. పై యధికారి యాజ్ఞను ధిక్కరించుట మొదటిది. ఆయుధము చేత నున్నదను గర్వమున నిరాయుధులను హింసించుట రెండవది. ఈ రెండింటికిని మన తెలుగునాటనే తార్కాణములు కలవు.

1780వ సంవత్సరమున హైదరాలీ కర్ణాటకముపై దండెత్తగా కుంపిణీవారు చెన్నపట్టణమునకు సహాయముగా ఉత్తర సర్కారుల సిపాయిలను పంపదలచిరి. విశాఖపట్టణమున నున్న సిపాయిలను ఓడ యెక్కుడని యాజ్ఞాపించిరి. అక్టోబరు 3వ తేదీన వారు ఎక్కమని తిరుగబడిరి, తుపాకులు పేలెను, ముగ్గు రాంగ్లేయులు మరణించిరి. ఆ తిరుగుబాటునకు నాయకుడు సుబేదారు షేకు మహమ్మదు. పిమ్మట ఆతనికి మరణశిక్ష విధించిరి. ఇది 1857 నాటి సిపాయిల తిరుగుబాటునకు 77 సంవత్సరములు ముందటి సంగతి.

ఇక రెండవ దానిని వినుడు. 1893 అక్టోబరు 4వ తేదీ రాత్రి గుంతకల్లు రైలుస్టేషను దగ్గఱ కొందఱు తెల్ల సైనికులు ఇరువురు స్త్రీలను వెంటాడిరి. ఆ యబలలు ప్రాణభీతితో రైలుగేటు కావలివాని గుడిసెలోనికి పరుగిడిరి. ఆ కావలివాడు గూళపాళెము హంపన్న. ఆతడు వారిని లోపలికి చేర్చి, సైనికుల కడ్డముగా నిలిచెను. ఒక సైనికుని తుపాకిగుండు తగిలి మఱునాడు గతించెను. గుత్తి కేశవపిళ్లగారు ఈ యన్యాయమును లోకమునకు చాటి, అందుచే ప్రభుత్వాగ్రహమునకు సయితము పాత్రులైరి. ముద్దాయి చెన్నపట్టణపు హైకోర్టులో విచారింపబడెను. జూరీవారు నిర్దోషి యనిరి. హంపన్నకు మాత్రము ప్రజలు చందాలు వేసికొని స్మారకశిల నిలిపిరి.

సోదరీమణులారా! ఈ రెండు వృత్తాంతములను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. విచారించిన న్యాయస్థానములు వేఱే కావచ్చును. కాని అధికారి మీద చేయెత్తిన సిపాయికి మరణమును, పేదకావలివానిని చంపిన కేసులో విడుదలయు కలిగెను. అధికారుల యెడల కట్టుబాటునే కట్టుబాటుగా నెంచి, దండు విడిసిన చోటి ప్రజల యెడల కట్టుబాటును లెక్కసేయని సైన్యము సగమే శిక్షితమైన సైన్యమని మా యభిప్రాయము.

ఇల్లు విడిచిన యువకుడు, తెలియని యూరు, త్రాగుడు, గుంపులోని ధైర్యము, ఇవి నేరమునకు త్రోవతీయునవే. కాని వీని యన్నిటికంటె కీడైనది నన్నెవ్వరును శిక్షింపరను నమ్మకము. ఆ నమ్మకమును తుడిచివేయగలవాడు పై యధికారియే. 1899లో రంగూనునందు వెస్టు కెంటు పటాలపు సైనికులు ఒక బర్మాస్త్రీని చెఱచిరి. న్యాయస్థానమున నేరము రుజువు కాలేదు. అయినను వైస్రాయి కర్జనుప్రభువు ఊరకుండక ఆ పటాలమునే ఏడెనునకు పంపివైచెను. దోషుల కొఱకు పటాల మంతయు తలవంచుకొనవలసివచ్చెను.

నేటి శాసనమును గూర్చి కూడ కొంత తెలిసికొందము. 1950 నాటి మన సైనికచట్టమున 70వ సెక్షను ప్రకారము, సైనికుడు పౌరులలో నొకరిని హత్యచేసినను, స్త్రీని చెఱచినను కోర్టు మార్షల్ అను సైనిక న్యాయసభ విచారింపరాదు. సామాన్య న్యాయస్థానమే విచారింపవలెను. అయితే యుద్ధసేవలో నున్నప్పుడును, విదేశమున నున్నప్పుడును, సరిహద్దు ఠాణాలలో నున్నప్పుడును సైనిక న్యాయసభయే విచారింపవచ్చును. అనగా యుద్ధకాలమున స్త్రీ మొఱ నాలకించువారు తఱచుగా నిందితుని తోడి సైనికులే యగుదురు. అందువలన ఆ సభవారు మఱింత నిష్పక్షపాతులై యుండవలెను. 1949 నాటి జెనీవా ఒడంబడికయు యుద్ధమున స్త్రీల మానమును ప్రత్యేకముగా కాపాడవలెనని శాసించుచున్నది.

అట్టి నేరము జరిగిన చోట పరువు పోవునని స్త్రీ నోరు మూయించుట తగదు. పరువు పోవునది చేసినవానికి గాని పడినదానికి గాదు. బిడ్డను సైన్యమునకు పంపు తల్లి జయమును కోరి దీవించుటతో పాటు, పరస్త్రీని తోబుట్టువుగా చూడుమని కూడ చెప్పి పంపవలెను. హంపన్న యే పటాలమునను చేరినవాడు కాడు, తుపాకి పట్టినవాడు కాడు. అయినను ఆ రాత్రి గుంతకల్లులో సైనికధర్మమును నెఱవేర్చినవా డాతడే.