కారు ఒక పక్కకి ఒరిగిందా? స్ప్రింగు చూపించండి!

కారు సంగతులు మగవాళ్ళు చూసుకుంటారులే అని ఈ పేజీ తిప్పేయకండి. మా ఇంట్లో కారుకి వచ్చిన జబ్బుని ముందుగా కనిపెట్టింది ముగ్గు వేస్తున్న నేనే.

ముందురోజు రాత్రి అన్నవరంలో పెళ్ళి చూసుకుని కాకినాడ తిరిగొచ్చాం. కారులో ఆరుగురం, డిక్కీ నిండా సామాను. తెల్లారి వాకిట్లో ముగ్గు వేస్తూ తలెత్తితే, కారు ముందు ఎడమ మూల కిందికి దిగినట్టుంది. మావారితో చెబితే "వాకిలే పల్లంగా ఉంది, నీకన్నీ అనుమానాలే" అన్నారు. నేను ఊరుకోక చదునుగా ఉన్న చోట నిలిపించాను. (అలా కదపకూడదని తరవాత తెలిసింది.) అక్కడా అంతే. టైరుకీ పైన రేకుకీ మధ్య కుడి పక్క నాలుగు వేళ్ళు పడితే, ఎడమ పక్క రెండే పట్టాయి. స్టీరింగు తిప్పితే 'టంగ్' మని చప్పుడు కూడా.

మెకానిక్కుని ఇంటికే పిలిపించాం. జాకీ వేసి చక్రం ఊడదీస్తే ఏముందీ, స్ప్రింగు అడుగు చుట్టు విరిగి ఉంది. ఆ విరిగిన కొస టైరుకి అంగుళం దూరంలో కత్తిలా! "హైవే మీద ఇది టైరులో దిగుంటే..." అని అతను ఆగిపోయాడు. రాత్రి పిల్లలు వెనక సీట్లో నిద్రపోతూ వచ్చారని గుర్తొచ్చి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

వేలు లావున్న ఉక్కు కడ్డీ ఎలా విరిగిందని అడిగాను. మన ఎనామిల్ పళ్ళెం సంగతే! పూత ఒక్క చోట పెచ్చు ఊడితే అక్కడే తుప్పు మొదలవుతుంది కదా. రోడ్డు మీది రాళ్ళు తగిలి స్ప్రింగు పెయింటు ఊడుతుంది. అడుగు చుట్టు కూర్చునే గిన్నెలో బురద, నీళ్ళు నిలుస్తాయి. మాలా సముద్రం పక్కన ఉండేవాళ్ళకి ఉప్పుగాలి ఒకటి. తుప్పు చిన్న గుంటలా తింటుంది. ఇక గోతులు, స్పీడు బ్రేకర్లు, మోయలేనంత బరువు. పిన్నీసుని అటూ ఇటూ వంచితే చివరికి విరిగినట్టే, ఆ గుంట దగ్గర పుట్టిన పగులు కొంచెం కొంచెంగా పెరుగుతుంది. చివరి దెబ్బకి మాత్రం ఏ కారణమూ అక్కర్లేదు, నిలబెట్టిన కారులోనే విరగొచ్చు. మా స్ప్రింగు విరిగిన ముఖం చూస్తే కొంత మేర నల్లగా తుప్పు, మిగతాది తళతళా మెరుస్తోంది. నల్లది ఎప్పటి పగులో!

వెల్డింగు పెట్టిస్తే చవక కదా అంటారేమో, ఒప్పుకోకండి. ఆ వేడికి ఉక్కు పదును పోయి మళ్ళీ విరుగుతుంది. ఇంట్లో విప్పే సాహసం అసలు వద్దు. నొక్కిపెట్టి ఉన్న స్ప్రింగు ఎగిరి తగిలితే ప్రాణాలకే ముప్పు. వానాకాలంలో కారు కడిగేటప్పుడు చక్రాల వెనక కూడా పైపుతో నీళ్ళు కొట్టించండి. షాకబ్జార్బర్లు కారుతున్నాయేమో కూడా చూపించండి. అవి పాడైతే కారు ఊగిసలాట ఎక్కువై స్ప్రింగుకి శ్రమ పెరుగుతుంది.

స్ప్రింగులు రెండు పక్కలా కలిపే మార్చాలి. లేకపోతే కొత్తది ఎత్తుగా, పాతది కుంగి ఉండి కారు ఒరుగుతుంది. "విరగని దానికి డబ్బెందుకు?" అని మావారు బేరం పెట్టారు. మెకానిక్కు మాట్లాడకుండా కుడి చక్రం కూడా విప్పి, గుడ్డతో బురద తుడిచి చూపించాడు. సరిగ్గా అదే చోట పెయింటు లేచి, ఎర్రగా తుప్పు. మావారు ఇంకేం అనకుండా జేబులోంచి పర్సు తీశారు.