కుక్కపిల్లకు మూడు నెలల బడి

కరిచాక కొట్టడం, గొలుసుతో కట్టేయడం, ఊరవతల వదిలి రావడం మనకు తెలిసిన పద్ధతులు. కరవకుండా పెంచడం వాటన్నిటికన్నా తేలిక. అయితే దానికి ఉన్న గడువు చాలా తక్కువ. పినపాక లాంటి అడవి అంచు ఊళ్లు ఆ గడువును చక్కగా వాడుకోగలవు.

వానాకాలం చివర్లో జతకట్టిన ఊరకుక్కలు చలికాలంలో పిల్లల్ని పెడతాయి. తొమ్మిది వారాలకే కాన్పు. అందుకే సంక్రాంతి వేళకు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పినపాక మండలంలో వాకిళ్లలో, కల్లాల పక్కన, ఏడూళ్ల బయ్యారం క్రాస్‌రోడ్డు టీకొట్ల బల్లల కింద కుక్కపిల్లలు కనబడతాయి. ఒకటి పోడు చేనుకు కాపలాగా పోతుంది, ఒకటి మేకల మంద వెంట. ఇంకోదాన్ని మణుగూరు క్వార్టర్స్‌లో ఎవరో పెంచుకుంటారు. భద్రాచలంలో సీతారాముల కల్యాణం జరిగే నాటికి ఎవరిని నమ్మాలో, ఎవరిని చూసి బెదరాలో ఆ పిల్లలు చాలావరకు తేల్చుకుని ఉంటాయి.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు వీధికుక్కల దాడిలో చనిపోయాడు. తెలంగాణ హైకోర్టు ఆ ఘటనను తనంతట తానే విచారణకు తీసుకుంది. అప్పటి నుంచి కుక్కల సంఖ్య, సంతాన నిరోధక ఆపరేషన్లు, షెల్టర్ల చుట్టూ చర్చ సాగుతూనే ఉంది. ఆ చర్చ అవసరమే. కానీ కుక్క పెరిగి పెద్దదై మీదికి ఉరికాక మొదలయ్యే చర్చ అది. అంతకు ముందే, అది అరచేతిలో పట్టేంత ఉన్నప్పుడే చేయాల్సిన పని ఒకటుంది.

కాటు వెనుక భయం

కుక్క కరవడానికి చాలాసార్లు భయమే కారణం. ఆ భయం ఎప్పుడు నాటుకుంటుందో శాస్త్రవేత్తలు అరవై ఏళ్ల కిందటే పరీక్షించి చూశారు. అమెరికాలోని బార్ హార్బర్‌లో, జాక్సన్ ప్రయోగశాలలో ఫ్రీడ్‌మన్, కింగ్, ఎలియట్ అనే పరిశోధకులు కొన్ని కుక్కపిల్లల్ని కంచె వేసిన పొలంలో, మనిషి పొడ సోకకుండా పెంచారు. వాటిలో కొన్నిటిని వేర్వేరు వయసుల్లో వారం రోజులపాటు మనుషుల మధ్యకు తెచ్చి, తిరిగి పొలంలో వదిలారు. 14 వారాలదాకా మనిషిని ఎరగకుండా పెరిగిన పిల్లలు ఆ తర్వాత ఎంత మచ్చిక చేసినా దగ్గరకు రాలేదు. ఈ ఫలితాలు 1961లో అచ్చయ్యాయి. అదే ప్రయోగశాలలో ఏళ్ల తరబడి పనిచేసిన స్కాట్, ఫుల్లర్ 1965లో తెచ్చిన పుస్తకం మూడో వారం నుంచి సుమారు పన్నెండో వారం వరకు ఉన్న కాలాన్ని కుక్క జీవితంలో అతి కీలకమైనదిగా చెప్పింది.

ఆ వారాల్లో చూసినది, విన్నది, వాసన పట్టినది కుక్కకు లోకంలో మామూలు సంగతి అయిపోతుంది. చూడనిది తర్వాత ఎదురైతే శత్రువులా కనిపిస్తుంది. పోడు గుడిసె దగ్గర ఒకే కుటుంబాన్ని చూస్తూ పెరిగిన కుక్కకు, తెల్లవారుజామున ఇప్పపువ్వు ఏరడానికి బుట్టతో వెళ్లే అవ్వ కొత్త మనిషి. ఎండాకాలంలో తునికాకు మూట నెత్తిన పెట్టుకుని వచ్చే కూలీ కొత్త ఆకారం. హెల్మెట్ పెట్టుకున్న లైన్‌మన్, సంచీ తగిలించుకున్న ఆశా కార్యకర్త, సైకిల్ మీద బడికి పోయే పిల్లలు, అందరూ దానికి అనుమానితులే.

గూడెం నడిమధ్యన, కోళ్లు మేకల నడుమ, పదిమంది పిల్లల చేతుల్లో పెరిగిన నాటుకుక్కను చూడండి. ఎవరూ పాఠం చెప్పకపోయినా ఆ వాకిలే దానికి బడి అవుతుంది. ‘గట్టిగా కాపలా కాయాలి’ అని నెల తిరక్కుండానే తల్లి నుంచి విడదీసి పెరట్లో గొలుసు వేసిన పిల్లకు ఆ బడి దొరకదు. జాతి కుక్కను వేలు పోసి కొన్నా, కాంపౌండు గోడ దాటనివ్వకపోతే దాని గతీ అంతే.

పదిమందిలో పాఠం

పిల్లను తల్లి దగ్గర ఎనిమిది వారాలైనా ఉంచాలి. తోటిపిల్లలతో పెనుగులాడేటప్పుడు పన్ను గట్టిగా దిగితే అవతలిది కుయ్యిమని ఆట మానేస్తుంది. ఎంత కొరికితే నొప్పో కుక్కకు అక్కడే తెలుస్తుంది. రేపు పెద్దయ్యాక ఎప్పుడైనా నోరు వేసినా గాయం చిన్నదిగా ఉండటానికి ఆ నేర్పే కారణమవుతుంది. ఈ ఆటనే శిక్షణగా మార్చి, గొలుసు లేకుండా కుక్కపిల్లల్ని కలిపి నేర్పే తరగతులకు పశువైద్యుడు ఇయాన్ డన్‌బార్ 1980ల్లో కాలిఫోర్నియాలో ప్రచారం తెచ్చారు.

దీనికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. నాలుగైదు ఇళ్ల కుక్కపిల్లలు, వాటి యజమానులు, శుభ్రంగా కడిగిన గచ్చు ఉంటే చాలు. పిల్లల్ని ఆడుకోనిచ్చి, మధ్యలో ఒక్కోదాన్ని పేరుతో పిలిచి, రాగానే గుడ్డుముక్క పెట్టి, మళ్లీ ఆటకు వదలాలి. తర్వాత యజమానులు పిల్లల్ని మార్చుకోవాలి. కొత్త చేతులు చెవులు, పాదాలు, నోరు తడమాలి. గొడుగు విప్పాలి, చేతికర్ర పట్టుకుని నడవాలి, దూరంగా డప్పు కొట్టాలి, ట్రాక్టర్ స్టార్ట్ చేయాలి. పిల్ల వెనక్కి తగ్గితే దూరం పెంచాలి. బలవంతంగా ముందుకు లాగితే భయం ముదురుతుంది.

పార్వో, డిస్టెంపర్ వస్తాయన్న భయంతో చాలామంది టీకాలన్నీ పూర్తయ్యేదాకా పిల్లను బయటికి తీయరు. ఆ జాగ్రత్తలో న్యాయం ఉంది, కానీ అప్పటికి కీలకమైన వారాలు దాటిపోతాయి. అమెరికా పశు ప్రవర్తన వైద్యుల సంఘం 2008లోనే దీనికి దారి చూపింది. మొదటి టీకా, నులిపురుగుల మందు వేసిన వారం తర్వాత, ఏడెనిమిది వారాల వయసులోనే ఇలాంటి తరగతి మొదలుపెట్టవచ్చని చెప్పింది. జబ్బు పిల్లల్ని రానివ్వకూడదు, ఊరకుక్కలు తిరిగే బురదనేలలో దించకూడదు, మిగతా టీకా డోసులు ఆపకూడదు. అడవి పక్కన ఊళ్లకు ఈ టీకాలు రెట్టింపు అవసరం, ఎందుకంటే డిస్టెంపర్ అడవి జంతువులకూ సోకుతుంది. 2018లో గుజరాత్ గిర్‌లో సింహాల ప్రాణాలు తీసిన వ్యాధుల్లో డిస్టెంపర్ ఒకటి.

ఈ ప్రాంతానికి శిక్షణ పొందిన జాగిలాలు కొత్త కాదు. 2025 ఏప్రిల్‌లో, గోదావరికి అవతల ఛత్తీస్‌గఢ్ సరిహద్దు కర్రెగుట్టల్లో సీఆర్‌పీఎఫ్ జాగిలం రోలో తేనెటీగల దాడిలో ప్రాణం విడిచింది. రెండేళ్ల బెల్జియన్ మాలినాయ్ అది. మందుపాతరలు పసిగట్టడం దాని పని. బెంగళూరు దగ్గర తరాలులో సీఆర్‌పీఎఫ్‌కు జాగిలాల పెంపక, శిక్షణ కేంద్రం ఉంది. మన రాష్ట్రంలో మొయినాబాద్ అకాడమీలో పోలీసు జాగిలం, దాని హ్యాండ్లర్ కలిసి శిక్షణ పొందుతారు. కుక్కతోపాటు మనిషీ నేర్చుకోవాలన్న ఆ పద్ధతి ఇంటికుక్కకూ వర్తిస్తుంది.

గుర్రుమంటే కొట్టొద్దు

మొరిగే కుక్క కరవదన్న సామెతను నమ్మి చేయి చాపొద్దు. తోక ముడవడం, పెదవులు నాకడం, ముఖం తిప్పుకోవడం, ఒళ్లు బిగదీయడం, గుర్రుమనడం, ఇవన్నీ కుక్క ఇచ్చే హెచ్చరికలు. గుర్రుమన్నప్పుడల్లా కొడితే హెచ్చరిక మానేసి నేరుగా కాటేయడం నేర్చుకుంటుంది. తింటున్నప్పుడు గిన్నె లాక్కోవద్దు. దగ్గరికెళ్లి ఇంకో ముక్క వేయండి. అప్పుడు మనిషి రాక దానికి మంచి కబురవుతుంది. వంశం, జబ్బు, నొప్పి కూడా కోపానికి కారణాలే. కాబట్టి అప్పటికే మీదికి వస్తున్న కుక్కను తరగతికి తేకుండా ముందు పశువైద్యుడికి చూపాలి. ఎంత సాధువైన కుక్క దగ్గరైనా పసిపిల్లల్ని ఒంటరిగా వదలకూడదు.

కాటు పడితే

గాయాన్ని వెంటనే ధారగా పారే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, పసుపు, సున్నం పెట్టకూడదు. పసరు మందుతో సరిపెట్టకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. చర్మంలో వేసే టీకా నాలుగు విడతలు: మొదటి రోజు, ఆపై 3, 7, 28వ రోజుల్లో. రక్తం కారేంత గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయించుకోవాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు.

ఊరు చేయగలిగింది

ఏటా జూలై 6న, ప్రపంచ జునోసిస్ దినం నాడు, పశుసంవర్ధక శాఖ ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంది. పినపాక మండలంలోని ప్రతి పంచాయతీ దానికి తోడుగా సంక్రాంతి నుంచి శివరాత్రి వరకు వారానికి ఒక ఉదయం కేటాయించాలి. పశువైద్య సిబ్బంది వచ్చి టీకా వేస్తారు, పెంచేవాళ్లు పిల్లల్ని తెస్తారు, బడిపిల్లలు కుక్క సైగలు చదవడం నేర్చుకుంటారు. ఆపరేషన్లు కుక్కల సంఖ్యను తగ్గిస్తాయి, టీకాలు రేబిస్‌ను ఆపుతాయి. మనిషి మీద నమ్మకాన్ని మాత్రం ఆ మూడు నెలల్లో పెంచేవాళ్లే నేర్పాలి. కుక్కను తెచ్చుకున్న ప్రతి ఇల్లూ ఆ బాధ్యతను తన ఊరి పిల్లలకు బాకీ పడినట్టే.