క్రియలలో కృతజ్ఞత



గుండెపోటు నుండి కోలుకొన్నవారు సంఘములో సాక్ష్యమిస్తుంటే మనమందరము దేవుని స్తుతిస్తాము. అది తగినదే. అయితే ఆ ప్రాణము నిలుపుటకు దేవుడు ఎన్ని చేతులను వాడుకొన్నాడో తలంచుచున్నామా?

పెనుకొండ దగ్గరి ఎర్రమంచివంటి గ్రామాలలో ఒకప్పుడు అర్ధరాత్రి నొప్పి వస్తే బండి దొరకడమే కష్టము. 2005లో 108 వాహనాలు వచ్చాయి. 2007లో ఆరోగ్యశ్రీ పేదవారి గుండె ఆపరేషన్లకు దారి తెరిచింది. బండి నడిపినవారు, ఈసీజీ తీసినవారు, రక్తపు గడ్డ కరిగే సూది వేసిన డాక్టరుగారు, రాత్రంతా మేల్కొన్న నర్సమ్మలు, వార్డు ఊడ్చినవారు అందరూ మన వందనాలకు తగినవారే.

బాగుపడిన పదిమంది కుష్ఠరోగులలో ఒక్కడే తిరిగి వచ్చాడు (లూకా 17:11-19). మనము ఆ ఒక్కనివలె ఉందాము. నొప్పి తగ్గింది కదా అని మాత్రలు మానకూడదు. బీడీ, సిగరెట్టు విడిచిపెట్టాలి. పొరుగువారికి ఛాతీలో నొప్పి వస్తే, గ్యాస్ అని తెల్లవారేదాకా ఆగక వెంటనే 108కి ఫోను చేయాలి. రక్తము అందని గుండె కండరము నిమిష నిమిషానికి చచ్చిపోతుంది.

ప్రార్థన మానవద్దు. ఆసుపత్రికి పోతూ బండిలోనే ప్రార్థించుదాము.