నవంబర్ 1

నవంబర్ 1, గ్రెగొరియన్ క్యాలెండర్ ప్రకారము సంవత్సరములో 305వ రోజు (లీపు సంవత్సరములో 306వ రోజు). సంవత్సరాంతమునకు ఇంకను 60 రోజులు మిగిలియుండును. వేర్వేరు సంవత్సరాలలో ఒకే తేదీన జరిగిన సంఘటనలకు సాధారణముగా సంబంధమేమీ ఉండదు. అయితే భారతదేశమునకు సంబంధించినంతవరకు ఈ తేదీన కనిపించు సంఘటనలలో కొన్ని కాకతాళీయములు కావు, చట్టములు నిర్ణయించినవి.

1956: రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ

పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ (1952 డిసెంబర్) తరువాత, 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినది. అదే సంవత్సరము డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము ఫజల్ అలీ అధ్యక్షతన సంఘమును నియమించినది. సంఘము 1955 సెప్టెంబరులో నివేదిక సమర్పించగా, 1956లో పార్లమెంటు చేసిన చట్టము నవంబర్ 1ని అమలు దినముగా పేర్కొన్నది. ఆనాటి నుండి దేశములో 14 రాష్ట్రాలు, 6 కేంద్రపాలిత ప్రాంతాలు నిలిచినవి.

ఆంధ్ర రాష్ట్రములోని 11 జిల్లాలు, తెలంగాణలోని 9 జిల్లాలు కలిసి హైదరాబాదు రాజధానిగా ఆంధ్ర ప్రదేశ్ అవతరించినది. నీలం సంజీవరెడ్డి మొదటి ముఖ్యమంత్రి. మలబారు జిల్లా చేరికతో కేరళ ఏర్పడినది. పాఠ్యపుస్తకములలో అంతగా కనిపించని విషయమొకటి ఉన్నది: హైదరాబాదు రాష్ట్రమునకు ఇదే ఆఖరి దినము. దాని మరాఠ్వాడా ప్రాంతము బొంబాయి రాష్ట్రములోను, బీదరు, గుల్బర్గా, రాయచూరు ప్రాంతాలు మైసూరు రాష్ట్రములోను కలిసినవి.

ఈ తేదీని అందరూ ఒకే భావముతో చూడలేదు. తెలంగాణ రాష్ట్ర ఉద్యమకారులు దీనిని విద్రోహ దినముగా పాటించిరి. 2014 జూన్ 2న తెలంగాణ ప్రత్యేక రాష్ట్రమైనది.

తరువాతి కాలములో

1956లో పెప్సూ రాష్ట్రము పంజాబులో విలీనమైనది. సరిగ్గా పదేండ్లకు, 1966 నవంబర్ 1న, ఆ పంజాబు నుండి హర్యానా విడివడినది. 1973లో ఇదే తేదీన మైసూరు రాష్ట్రము కర్ణాటకగా పేరు మార్చుకొన్నది. 2000లో మధ్య ప్రదేశ్ నుండి ఛత్తీస్‌గఢ్ వేరుపడినది.

ఇతర సంఘటనలు

1954: పుదుచ్చేరి తదితర ఫ్రెంచి స్థావరముల పాలన భారత ప్రభుత్వమునకు అప్పగింపబడినది. యానాం మాత్రము అంతకు ముందే, జూన్ 13న, ఫ్రెంచి అధికారము నుండి బయటపడినది. చట్టబద్ధమైన బదిలీ 1962 ఆగస్టు 16న పూర్తియైనది.

1858: ఈస్టిండియా కంపెనీ పాలన ముగిసి, బ్రిటిషు రాణి పాలన మొదలైనట్లు విక్టోరియా ప్రకటనను అలహాబాదులో కానింగ్ ప్రభువు చదివెను.

1755: పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో ఘోర భూకంపము. ఇక్కడ తేదీయే నష్టమును పెంచినది. ఆనాడు సకల పునీతుల పండుగ కావడముతో ఉదయమే చర్చిలు జనముతో నిండియుండెను. ప్రార్థనకై వెలిగించిన కొవ్వొత్తులు పడి నగరము అంటుకొన్నది. సముద్రపు ఉప్పెన దానికి తోడైనది.

దినోత్సవములు

కర్ణాటకలో రాజ్యోత్సవము, కేరళలో కేరళ పిరవి (అవతరణ దినము) జరుపుదురు. విభజన తరువాత ఆంధ్ర ప్రదేశ్‌లో కొన్నేండ్లు నిలిచిపోయిన అవతరణోత్సవమును 2019లో ఇదే తేదీన తిరిగి నిర్వహించిరి.